మగ్గం ఎక్కక ముందు నూలు నడిచే దారి

సమాఖ్య సంచికకి ఒక చరిత్ర వ్యాసం రాయమని అడిగినప్పుడు మేము మొదట వద్దన్నాము. మేము చదివింది ఎనిమిదో తరగతి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసు కాగితాల్లో ఇంగ్లీషు, ఇలా మూడింటి మధ్య బతికిన మనిషి చేతిరాత ఎలా ఉంటుందో మీకు తెలుసు. సేలం దగ్గర చేనేత సంఘంలో సెక్రటరీగా లెక్కలు రాసే చెయ్యి మాది. "లెక్క రాసే చెయ్యి చరిత్ర కూడా రాస్తుందిలే" అని సమాఖ్య వాళ్లు వదల్లేదు. తప్పులుంటే పెద్దలు దిద్దుకుని చదవండి.

మనవాళ్లు ఏ రాజుల కాలంలో కృష్ణ, పెన్న దాటి దక్షిణానికి వచ్చారు, సోలాపూర్ ఎలా వెళ్లారు, బరంపురంలో పట్టు ఎలా నేశారు, ఇవన్నీ ఈ సంచికలో మాకంటే బాగా తెలిసినవాళ్లు రాస్తారు. మేము రాసేది పని చరిత్ర. ఎందుకంటే ఈ ఏడు సమాఖ్య ఒక పెద్ద పని తలపెట్టింది. అన్ని రాష్ట్రాల్లో ఉన్న మన సంఘాల సరుకు ఒకేచోట ఇంటర్నెట్లో అమ్మాలని, దానికి తగ్గట్టు సంఘాలకి కొత్త మగ్గాలు, కొత్త సామాను ఇప్పించాలని. మంచిదే. మేము కాదనడం లేదు. కానీ మగ్గాన్ని బాగుచేస్తామని ఎవరో ఒకరు రావడం మనకి కొత్త కాదు, నూరేళ్లు దాటింది. వచ్చిన ప్రతిసారీ ఏం జరిగిందో ఒకసారి చూసుకుని ముందుకెళ్దామని మా మనవి.

ముందు నూలు సంగతి చెప్పాలి. మన ఇళ్లలో పుట్టిన పిల్లలకే ఇప్పుడు ఈ మాటలు తెలియడం లేదు. నూలు చిలపలుగా వస్తుంది. ఒక చిలప 840 గజాలు. ఒక పౌను బరువుకి ఎన్ని చిలపలు తూగితే అది అంత నంబరు నూలు. ఎనభయ్యో నంబరు అంటే పౌనుకి ఎనభై చిలపలు, పది పౌన్ల కట్టలో ఎనిమిది వందలు. ఆ ఎనిమిది వందల చిలపలూ ఎవరో ఒకరు విప్పాలి, రంగు వేయాలి, ఆరబెట్టాలి, రాట్నం మీద చుట్టాలి. పడుగు తోడాలి, గంజి పెట్టాలి, వీధిలో సాగదీసి కుంచెతో దువ్వాలి. తర్వాత పాత పడుగు చివరి పోగులకి కొత్త పోగులు ఒక్కొక్కటిగా అతకాలి. చీరకైతే మూడు నాలుగు వేల పోగులు. పేకకి కండెలు చుట్టాలి. ఇదంతా అయ్యాక మగ్గం దగ్గర మగవాడు కూర్చుని నాడె అందుకుంటాడు. ఫొటో తీసేది అప్పుడే.

పద్మశాలీల మూలపురుషుడు భావనా ఋషి తామర తూళ్ల నుంచి నూలు తీసి దేవతలకి బట్ట నేశాడని మన పెద్దలు చెప్పారు. ఆ నూలుకి కండెలు ఎవరు చుట్టారో మేము విన్న కథలో లేదు. భద్రావతీదేవి చుట్టి ఉంటుందని మా అవ్వ అనేది.

ఇక అసలు సంగతి. 1733లో ఇంగ్లండులో జాన్ కే అనే ఆయన తాడు లాగితే దానంతట అది పరుగెత్తే నాడెని కనిపెట్టాడు. దాన్నే మనం ఫ్లై షటిల్ అంటున్నాము. అంతకుముందు నాడెని ఈ చేత్తో విసిరి ఆ చేత్తో పట్టుకునేవాళ్లు. కొత్త నాడెతో నేత వేగం పెరిగింది. అప్పుడేమైంది? నేసేవాడికి నూలు చాలలేదు. ఒక మగ్గానికి నూలు అందించడానికి ఎందరో ఆడవాళ్లు రాట్నాలు తిప్పవలసి వచ్చింది. ఆ కరువు తీరడానికి ముప్పై ఏళ్లు పట్టింది. 1760ల్లో హార్‌గ్రీవ్స్ ఒకేసారి చాలా కదుళ్లు తిరిగే రాట్నం చేశాడు. తర్వాత మిల్లులు వచ్చాయి. మిల్లు నూలు, మిల్లు బట్ట వచ్చి మన గతి ఏమైందో మీకు చెప్పనక్కర్లేదు. ఒకచోట బిగించిన ముడి ఇంకోచోటికి జరుగుతుందని ఆ దేశం వాళ్లకే ముందు తెలియలేదు.

మన దేశానికి వద్దాం. ఇది మా ఊరి చరిత్ర కూడా. మద్రాసు ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసరుగా పనిచేసిన ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంగ్లీషు దొర ఉండేవాడు. మద్రాసులో అల్యూమినియం పాత్రల పని మొదలుపెట్టించింది, క్రోము తోలు పని నేర్పించింది ఆయనే. మిల్లుల ధాటికి నేతగాళ్లు చితికిపోతున్నారని, ఫ్లై షటిల్ మగ్గం ఇస్తే నిలబడతారని ఆయన ప్రభుత్వాన్ని ఒప్పించాడు. 1906 ప్రాంతంలో సేలంలో ప్రభుత్వమే ఒక నేత కర్మాగారం పెట్టింది. నేతగాళ్లు అక్కడికి వచ్చి కూలికి కొత్త మగ్గాల మీద నేయాలి. మగ్గం సంగతి చూస్తే ఆయన అన్నది నిజమే. ఆ నాడెతో ఎక్కువ గజాలు వస్తాయి, అందులో అనుమానం లేదు. తర్వాత ఇరవై ముప్పై ఏళ్లలో ఆ నాడె మద్రాసు రాజధాని అంతా పాకింది. మా తాత గుంటమగ్గానికీ ఆ నాడెనే.

కానీ కర్మాగారానికి జనం నిలకడగా రాలేదు. వచ్చినవాళ్లు నాలుగు రోజులు చేసి మానేసేవాళ్లు. దొరలు రాసుకున్న కాగితాల్లో ఇది నేతగాడి అలవాటుగా, కర్మాగారం కట్టుబాటు నచ్చని మొండితనంగా కనబడుతుంది. మా పెద్దవాళ్లు చెప్పేది ఇంకోలా ఉండేది. ఇంట్లో నేసేవాడికి భార్య కండెలు చుడుతుంది, తల్లి చిలపలు విప్పుతుంది, పిల్లలు పోగు అందిస్తారు, తెల్లవారుజామున వీధంతా కలిసి పడుగు సాగదీస్తుంది. అతన్ని ఒక్కణ్ణీ తీసుకెళ్లి షెడ్డులో కూర్చోబెడితే అతని కూలి ఒక్క మనిషి కూలి. ఇంట్లో మిగిలిన నలుగురి చేతులూ ఖాళీ. దొరకి మగ్గం కనబడింది, ఇల్లు కనబడలేదు. చాటర్టన్ తెలివైన మనిషే. పడుగు, గంజి పనులు కూడా మార్చకపోతే మగ్గం ఒక్కదాన్ని మార్చి లాభం తక్కువని ఆయనకీ అర్థమైంది. కానీ అప్పటికే మిల్లుల వాళ్లూ వ్యాపారస్తులూ "సర్కారు మాకు పోటీకి వస్తుందా" అని గొడవ మొదలుపెట్టారు. 1910లో లండన్లో కూర్చున్న మంత్రి మార్లే, ప్రభుత్వం డబ్బుతో వ్యాపారం చేయకూడదు, నేర్పిస్తే చాలు అని ఉత్తరువు పంపాడు. కర్మాగారం మూతపడింది.

మూతపడింది గాని నాడె మాత్రం మిగిలింది. అది ఇళ్లలోకి వచ్చాక ఏమైందనేది ఏ ఉత్తరువులోనూ లేదు. మగ్గం వేగం పెరిగితే కండెలు వేగంగా అయిపోతాయి. పొద్దున చుట్టిన కండెలు మధ్యాహ్నానికి ఖాళీ. మా అవ్వ చెప్పేది, "మీ తాతకి కొత్త మగ్గం వచ్చింది, నాకు రాత్రి పని వచ్చింది" అని. నవ్వుతూనే చెప్పేది. బట్ట ఎక్కువ వచ్చింది, కూలి కొంచెం పెరిగింది, అందులో ఆవిడ చేతికి ఎంత వచ్చిందని మేము ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆవిడ లేదు.

1941లో ప్రభుత్వం చేనేత, మిల్లుల సంగతి విచారించడానికి ఒక నిజ నిర్ధారణ కమిటీ వేసింది. డాక్టర్ పి.జె. థామస్ దానికి పెద్ద. 1942లో వచ్చిన ఆ నివేదికలో దేశంలో మగ్గాలు 20 లక్షలని తేలింది. నేసేవాళ్లకంటే పక్క పనులు చేసేవాళ్లే ఎక్కువని కూడా తేలింది. ఆ పక్క పనివాళ్లలో ఎక్కువమంది నేతగాడి ఇంటి ఆడవాళ్లూ పిల్లలే. ఎనభై ఏళ్ల కింద అచ్చయిన మాట అది. అయినా తర్వాత వచ్చిన పథకాల్లో సామానంతా మగ్గానికే వచ్చింది. ఫ్రేము మగ్గం, డాబీ, జాకార్డు, మళ్లీ జాకార్డు. మా సంఘం అటక మీద మూడు విడతల సామాను ఉంది, కొన్నిటికి కట్టిన తాళ్లు కూడా విప్పలేదు. ఇచ్చినవాళ్లని తిట్టడానికి ఇది రాయడం లేదు. కావాలని సంతకం పెట్టి తెచ్చుకున్నది మేమే.

ఈ మధ్యలో ఇంకో ఊరి సంగతి. అమెరికాలో ఫ్రాంక్ గిల్బ్రెత్ అని ఒకాయన, మొదట తాపీ పని చేసినవాడు. ఇటుక పేర్చడంలో మనిషి ఎన్నిసార్లు వంగుతున్నాడు, ఎన్నిసార్లు చెయ్యి చాపుతున్నాడు అని లెక్కపెట్టి, పద్దెనిమిది కదలికల పనిని ఐదుకి తెచ్చాడు. ఆయన, ఆయన భార్య లిలియన్ కలిసి 1921లో ఇంజనీర్ల సభలో ఒక పద్ధతి చెప్పారు. ఏ పనినైనా మార్చే ముందు ఆ పని మొదటి నుంచి చివరి దాకా ఎలా నడుస్తుందో ఒక కాగితం మీద గుర్తులతో గీయాలి అని. తర్వాత 1947లో ఆ గుర్తుల్ని ఐదుకి ఖాయం చేశారు. చేసే పనికి గుండ్రం, మోసుకెళ్లడానికి బాణం, చూసి సరిచూడటానికి చదరం, ఊరికే ఆగి ఉండటానికి ఇంగ్లీషు డీ అక్షరం, సరుకు నిలవకి ముక్కోణం. సేలంలో 1960 నుంచి చేనేత సాంకేతిక విద్యాసంస్థ ఉంది. అక్కడ చదివిన ఒక కుర్రవాడు మాకు ఈ సంగతి చెప్పాడు. మొదట నవ్వాము, బొమ్మలు గీయడం పిల్లల పని కదా అని.

గీయకుండా కూడా కళ్లతో ఆ పని చేసినవాడు మన తెలుగువాడు ఒకాయన ఉన్నాడు. ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం. ఆరో తరగతితో బడి మానేసి మగ్గం ఎక్కినవాడు. ఆయన తల్లి లక్ష్మమ్మ చీరకి ఆసు పోసేది. అక్కడి ఆసు అంటే పోచంపల్లి తరహా చిటికి కట్టే ముందు నూలుని మేకుల చుట్టూ చేత్తో అటూ ఇటూ తిప్పి పోయడం. ఒక చీరకి చెయ్యి 9,000 సార్లు ఆడాలి. రోజుకి రెండు చీరలంటే 18,000 సార్లు. భుజం పడిపోతుంది. అందరూ మగ్గాన్ని చూస్తుంటే ఆయన తల్లి భుజాన్ని చూశాడు. ఏడేళ్లు తంటాలు పడి, ఊళ్లోవాళ్లు పిచ్చివాడన్నా వినకుండా, 1999లో ఆసు యంత్రం పూర్తిచేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకి వచ్చింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ యంత్రంలో మోటారూ సర్క్యూటూ ఉన్నాయి గాని, మాకు గొప్పగా అనిపించేది అవి కాదు. నూలు నడిచే దారిలో ఎక్కడ మనిషి విరిగిపోతున్నాడో ఆ చోటు సరిగ్గా పట్టుకోవడం.

ఇప్పుడు మా సంగతి. కొన్నేళ్ల కింద మా సంఘానికి ఆర్డర్లు ఉండి కూడా చీరలు టైముకి అందలేదు. కొనేవాళ్లు కోపపడ్డారు. మా బోర్డు కూర్చుని, నేతగాళ్లు మెల్లగా నేస్తున్నారు, ఇంకో పది జాకార్డులు కొందాం, లెక్కలకి కంప్యూటరులో ఏదో ప్రోగ్రాం పెట్టిద్దాం అని అనుకుంది. ఆ చదువుకున్న కుర్రవాడే, "సార్, కొనే ముందు ఒక్క నూలు కట్టకి చీటీ కట్టి పంపండి. ఎవరి చేతికి వస్తే వాళ్లు వచ్చిన తేదీ, పోయిన తేదీ రాయాలి. చీరై తిరిగి వచ్చాక చూద్దాం" అన్నాడు. ఖర్చు లేని పని కదా అని ఒప్పుకున్నాము.

చీటీ తిరిగి వచ్చేసరికి నలభై ఆరు రోజులయింది. అందులో మగ్గం మీద ఉన్నది పధ్నాలుగు రోజులే. మేము రెండోసారి లెక్కపెట్టాము, తప్పు రాశారేమోనని. తప్పు కాదు. రంగు వేసే ఆయన దగ్గర తొమ్మిది రోజులు, ఎందుకంటే తొట్టి నిండా నూలు చేరేదాకా ఆయన పొయ్యి వెలిగించడు. పడుగు వేసే ఆయన మూడు సంఘాలకి ఒక్కడే. పోగులు అతికే అక్కయ్యకి అరవై దాటాయి, పొద్దున వెలుతురు ఉన్నంతసేపే కళ్లు కనబడతాయి, వాన మబ్బు పట్టిన రోజు పని లేదు. ఆమె తర్వాత ఆ పని నేర్చుకున్నవాళ్లు మా వీధిలో ఒక్కరూ లేరు. జాకార్డులు పది కాదు ఇరవై కొన్నా వాటన్నిటికీ పోగులు అతికేది ఆ రెండు కళ్లే.

చెప్పడానికి సిగ్గుగా ఉన్నది ఇంకొకటి ఉంది. నేసిన చీర సంఘం ఆఫీసుకి వచ్చి ఆరు రోజులు ఊరికే పడి ఉంది. చీరని విప్పి చూసి, తూకం వేసి, ముద్ర వేసేది శనివారం మాత్రమే. ఎప్పటినుంచో అలాగే. ఆదివారం సాయంత్రం చీర తెచ్చి ఇచ్చిన నేతగాడు కూలి కోసం శనివారం దాకా ఆగాలి. ఆ ముద్ర వేసేది ఎవరు? మేమే. ఇరవై రెండేళ్లు నేతగాళ్లని "ఆలస్యం, ఆలస్యం" అని గదమాయించిన సెక్రటరీ టేబులు మీదే ఆరు రోజులు ఆగింది. ఆ తర్వాతి వారం నుంచి మంగళవారం, శుక్రవారం కూడా ముద్ర వేస్తున్నాము. దానికి జాకార్డు అక్కర్లేదు, కంప్యూటరు అక్కర్లేదు, ఒక సిరా పెట్టె చాలు.

రంగు తొట్టి సంగతికి పక్క సంఘంతో మాట్లాడి వారానికి ఒక రోజు ఇద్దరి నూలూ కలిపి ఇస్తున్నాము. పోగులు అతికే పని నేర్చుకోవడానికి ఇద్దరు అమ్మాయిలు వస్తామన్నారు, ఒకమ్మాయి నెలకే మానేసింది, ఒకమ్మాయి ఉంది. జాకార్డులు మాత్రం రెండే కొన్నాము.

దారి మొత్తం ఒక పెద్ద కాగితం మీద గీసి ఆఫీసు గోడకి అంటించాలనుకున్నప్పుడు ఒక గొడవ వచ్చింది. ప్రతి పనికీ ఎవరు చేస్తారు, ఎంతసేపు, ఎంత కూలి అని మూడు గళ్లు పెట్టాము. రంగుకి కూలి ఉంది, పడుగుకి ఉంది, అతకడానికి ఉంది, నేతకి ఉంది. కండెలు చుట్టడం దగ్గరికి వచ్చేసరికి కూలి గడి ఖాళీ. అది నేత కూలిలోనే కలిసిపోయిందని కొందరన్నారు. ఎంత కలిసిందో ఎవరికీ తెలియదు. ఒకావిడని అడిగాము, "అమ్మా, రోజుకి ఎన్ని గంటలు చుడతావు?" అని.

"చుట్టేటప్పుడు గడియారం ఎవరు చూస్తారు అన్నా? పప్పు పొయ్యి మీద పెట్టి చుడతా, దించి చుడతా, పిల్లలు పడుకున్నాక చుడతా."

వాళ్లాయన పక్కనే నిలబడి ఉన్నాడు. ఏమీ అనలేదు. ఆ రోజు ఆయన పేరున కూలి రశీదు రాస్తున్నప్పుడు మాకు మా అవ్వ మాట గుర్తుకొచ్చింది.

2019–20లో జరిగిన నాలుగో చేనేత లెక్కల ప్రకారం దేశంలో చేనేత పనివాళ్లు, పక్క పనివాళ్లు కలిపి 35.22 లక్షలు. అందులో నూటికి డెబ్బైమందికి పైగా ఆడవాళ్లు. ఈశాన్య రాష్ట్రాల్లో మగ్గం మీద కూర్చునేదే ఆడవాళ్లు కాబట్టి ఆ లెక్కని మన వీధికి అలాగే తెచ్చుకోకూడదు. మన సంఘాల్లో మెంబరు పుస్తకాలు ఎన్ని ఆడవాళ్ల పేరున ఉన్నాయో ప్రతి సెక్రటరీ ఒకసారి బీరువా తీసి చూసుకోవచ్చు.

అందుకని సమాఖ్య వాళ్లకి మా మనవి ఏమిటంటే, ఇంటర్నెట్ అమ్మకం మొదలుపెట్టే ముందు ప్రతి ఊరి నుంచీ ఒక్క చీటీ తెప్పించండి. ఒకే నమూనా అందరికీ పనికిరాదు. సోలాపూర్‌లో దుప్పటి, టవల్ దారి వేరు. బరంపురం పట్టు దారి వేరు, అక్కడ కుంభం అంచు పెట్టడానికి మూడు నాడెలు ఆడాలి. కంచిలో జరీ, కొర్వై పనికి మగ్గం దగ్గర ఇంకో మనిషి ఉండాలి. ఎక్కడ ఆగుతుందో ఆ ఊరివాళ్లకే తెలుస్తుంది, అదీ రాసి చూసుకుంటేనే. కొనేవాళ్లు ఇంటర్నెట్లో బటన్ నొక్కి పది రోజుల్లో చీర కావాలంటారు. పది రోజుల్లో ఇస్తామని మాట ఇచ్చే ముందు, ఆ తొందర చివరికి ఏ ఇంట్లో ఎవరి నిద్ర మీద పడుతుందో తెలుసుకుని ఇవ్వాలి.

చీటీ రాయించేటప్పుడు ఒక సంగతి. సెక్రటరీని అడిగి రాసుకోవద్దు. మమ్మల్ని అడిగి ఉంటే శనివారం ముద్ర సంగతి మేము చెప్పి ఉండేవాళ్లం కాదు, దాచాలని కాదు, అది ఆలస్యమని మాకే తోచలేదు. నూలు వెంట నడవాలి. తెల్లవారుజామున పడుగు సాగదీసే చోటికి వెళ్లాలి, వంటింట్లో రాట్నం పక్కన కూర్చోవాలి.

మా గోడ మీది కాగితం ఇప్పుడు పసుపు రంగుకి తిరిగింది. కండెల కూలి గడిలో పెన్సిలుతో ఒక అంకె రాసి ఉంది. కిందటి సర్వసభ్య సమావేశంలో దాన్ని ఖాయం చేయాలని తెచ్చాము, నేత కూలి తగ్గుతుందేమోనని మగవాళ్లు ఒప్పుకోలేదు, వచ్చే ఏడు చూద్దామన్నారు. ఈసారి సమావేశానికి ఇంటికి ఇద్దరు రావాలని నోటీసు వేశాము.